విమానాల రోడ్డు మీద మా పడుగు

కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు రాస్తారు, రామేశ్వరం వెళ్ళొచ్చినవాళ్ళు రాస్తారు. నేను గన్నవరం వెళ్ళొచ్చి రాస్తున్నాను. అక్కడేముందమ్మా అంటే, కోళ్ళున్నాయి. యుద్ధంలో విమానాలు దింపడానికి సోల్జర్లు వేసుకుని, యుద్ధం అయిపోగానే వదిలేసి పోయిన మైదానంలో నా చెల్లెలు మాణిక్యం కోళ్ళు పెంచుతోంది. నవ్వేవాళ్ళు ఇక్కడే నవ్వేసుకోండి, తర్వాత ఆగడానికి నాకు తీరికుండదు.

మాది పెడన. నేతపని. మా వీధిలో మగవాళ్ళందరి మెడలో జంధ్యం ఉంటుంది, కోడిగుడ్డు గడప దాటి లోపలికి రాదు. మాణిక్యం మొగుడు మగ్గం మీద పొట్ట గడవక, ఆ మైదానం కట్టేటప్పుడు మేస్త్రీ పనికి గన్నవరం వెళ్ళాడు. అక్కడే మలేరియా తగిలి పోయాడు. ఇక ఇది తిరిగొచ్చి అన్నయ్య ఇంట్లో ఓ మూల కూర్చుంటుందని అందరూ అనుకున్నారు. రాలేదు. సోల్జర్లు పోతూ పోతూ వదిలేసిన సీమకోళ్ళని పట్టుకుని, వాళ్ళ రేకుల షెడ్డు ఒకటి అద్దెకి తీసుకుని అక్కడే ఉండిపోయింది.

ఈ సంగతి పెడనకి తెలిసింది. వీధి పెద్ద నాగలింగంగారు తన అరుగు మీద కూర్చుని తీర్పు చెప్పారు. పౌర్ణమి లోగా మాణిక్యం కోళ్ళని వదిలి ఇంటికి రావాలి, లేకపోతే అన్నయ్య ఇల్లు వెలి. మా నేతపనివాళ్ళకి వెలి అంటే ఏమిటో చెప్పాలి. మగ్గానికి నిలువుగా ఎక్కే దారాలని పడుగు అంటాం. దాన్ని వీధి పొడుగునా సాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. అది ఒక్క ఇంటివాళ్ళ వల్ల అయ్యేది కాదు. ఇవాళ మీ పడుగుకి మేమొస్తాం, రేపు మా పడుగుకి మీరు రావాలి. వెలి పడ్డ ఇంటికి ఒక్క చెయ్యి రాదు, మగ్గం ఆగిపోతుంది. పౌర్ణమి ఇంకా రానేలేదు, అప్పుడే అన్నయ్య పిలిచిన వాళ్ళందరికీ నడుం నొప్పులు వచ్చేశాయి. అసలే నూలు కంట్రోలు రోజులు. నెలల తరబడి తిరిగి తెచ్చుకున్న నూలంతా ఆ ఒక్క పడుగులోనే ఉంది.

అందుకని అన్నయ్య నాకు రెండు పనులు ఒప్పజెప్పాడు. బెజవాడలో కోటయ్యగారని తన స్నేహితుడు ఉన్నాడు, ఆయన దగ్గర పడుగుకి గంజి పెట్టించాలి. అక్కణ్ణించి గన్నవరం పోయి మాణిక్యాన్ని జుట్టు పట్టుకునైనా లాక్కురావాలి. తను వెళ్ళొచ్చుగా అని అడిగాను. మొహం చూస్తే కొట్టేస్తానేమో అన్నాడు. మా ఆయనకి ఇల్లు అప్పజెప్పాను. పడుగు చుట్టని, మా కుంచెని పాత చీరలో మూటగట్టుకుని బయల్దేరాను.

గుడివాడ దాకా ఒక మాట, తర్వాత ఇంకో మాట

రైల్లో ఆడవాళ్ళ పెట్టెలో చోటు దొరికింది. ఎదురుగా ఒక పెద్దావిడ చింతకాయ పచ్చడి జాడీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎవరమ్మాయివి, ఏ ఊరు, మీ ఆయనేం చేస్తాడు, పిల్లలెంతమంది, అన్నీ అయ్యాక ఎక్కడికని అడిగింది. కోళ్ళని చూడ్డానికి అన్నాను. ఆవిడ నా బొట్టు చూసింది, మూట చూసింది, జాడీని అటువైపు జరుపుకుంది. జరుపుకోనీ అనుకుని కిటికీలోంచి వరి కుప్పలు చూస్తూ కూర్చున్నాను.

గుడివాడలో ఇడ్లీ కొన్నాను. జత అర్ధణా. చట్నీ అని పోసింది ఉత్త నీళ్ళు. యుద్ధానికి ముందు ఇదే స్టేషన్లో చట్నీలో కొబ్బరి తగిలేది, ఇప్పుడు అదీ కంట్రోలైపోయింది కాబోలు. అమ్మేవాణ్ణి అడిగితే, నీళ్ళు పోసినందుకు సంతోషించమ్మా, బెజవాడలో అవీ పొయ్యరు అన్నాడు.

రైలు కదిలాక పెద్దావిడ నా పక్కకి వచ్చి కూర్చుంది. గొంతు బాగా తగ్గించి, సీమకోళ్ళు ఏడాది పొడుగునా గుడ్లు పెడతాయటగా, నిజమేనా అని అడిగింది. నాకు తెలీదు, చూసొచ్చి చెప్తానన్నాను. వాళ్ళ మనవడికి క్షయ అనుమానమట, డాక్టరు గుడ్డు పెట్టమన్నాడట, ఇంట్లో వండనివ్వరట. పెరట్లో రాళ్ళ పొయ్యి మీద ఆవిడే ఉడకబెట్టి పెడుతోందట. దిగేటప్పుడు నా చేతిలో ఇంత పచ్చడి ఆకులో కట్టి పెట్టింది.

కొండ కింద కాఫీ

బెజవాడ సంగతి చెప్పాలంటే, అక్కడ ఎవరూ నడవరు, అందరూ పరిగెత్తుతారు. స్టేషన్ నుంచి వన్‌టౌన్‌కి జట్కావాడు అర్ధ రూపాయి అడిగాడు. గుర్రానికా, నీకా అని అడిగి, పావలాకి ఒప్పించాను. దారి పొడుగునా తన గుర్రానికి మిలిటరీ వాళ్ళు పెట్టిన దాణా గురించి చెప్పాడు. యుద్ధం ఇంకో రెండేళ్ళు ఉంటే బావుండేదట. మూట దించి చేతికిస్తూ కూడా అదే మాట.

కోటయ్యగారి ఇల్లు కొండ కిందే. లోపల మగ్గాలు ఆడుతున్నాయి. ఆయన భార్య నన్ను అరుగు మీదే కూర్చోబెట్టింది. కాఫీ వచ్చింది. చేతికివ్వలేదు, అరుగు మీద పెట్టి వెనక్కి జరిగింది. అంచు విరిగిన గాజు గ్లాసు, లోపలికి రానివ్వని పనివాళ్ళ కోసం చూరులో దోపి ఉంచేది. నాకు అర్థమైంది. అయినా అన్నయ్య పని కదా అని నోరు మూసుకున్నాను.

కోటయ్యగారు మూట విప్పి పడుగుని వేళ్ళతో సవరించి చూశారు. మీ అన్నయ్య చేతిలో పోగు ఎంత నీటుగా ఉంటుందో అన్నారు. మళ్ళీ జాగ్రత్తగా మూటగట్టి నా వైపు జరిపారు.

"అమ్మా రాజ్యం, నాకూ పెడనలో చుట్టాలున్నారు. నాగలింగంగారి మాట ఇక్కడిదాకా వచ్చింది. నన్ను ఇరకాటంలో పెట్టకమ్మా."

నేను ఆ కాఫీ ముట్టుకోలేదు. మూట నెత్తిన పెట్టుకుని, ఈ గ్లాసు మళ్ళీ చూరులో దోపేసుకోండి, దాంతో పనుంటుంది అని చెప్పి వచ్చేశాను. ఆ రాత్రి స్టేషన్ దగ్గర సత్రంలో పడుకున్నాను గానీ కోపంతో నిద్ర పట్టలేదు. కోటయ్యగారి మీద కోపం, నాగలింగంగారి మీద కోపం, అందరికంటే మాణిక్యం మీద ఎక్కువ కోపం. దీని కోళ్ళు మండిపోనూ, రేపు వెళ్ళి రెక్క పట్టుకుని ఈడ్చుకొస్తాననుకున్నాను.

బొగ్గు బస్సు

గన్నవరం బస్సుకి ఆరణాలు. పెట్రోలు కరువు ఇంకా పోలేదు, బస్సు వెనక బొగ్గు కుంపటి ఉంటుంది. క్లీనరు చక్రం తిప్పి తిప్పి గాలి కొడితే, పొగ నిండి, అప్పుడు కదులుతుంది. మేం ఎక్కాక కదలడానికి పట్టిన సేపట్లో మా ఇంట్లో పప్పు ఉడికేది. నిడమానూరు దాటాక ఆగిపోయింది. మగవాళ్ళు దిగి తొయ్యండి, ఆడవాళ్ళు కూర్చోండి అన్నాడు కండక్టరు. టిక్కెట్టు నాకేమీ తక్కువకివ్వలేదు కదా అని దిగి నేనూ తోశాను. నా పక్కన తోస్తున్న ఒక గుమాస్తాగారు సిగ్గుపడి, ఇంకాస్త గట్టిగా తోశాడు. బస్సు కదిలాక అందరి మొహాలూ నల్లగా ఉన్నాయి, నాది కూడా.

పెడన చుట్టూ అంతా నల్లరేగడి, వరి, కాలువ. గన్నవరం దగ్గర పడేసరికి నేల ఎర్రబడింది. మామిడి తోటలు, జొన్న చేలు. పలకరింపు కూడా వేరు. మా వైపు ఊళ్ళో కొత్తవాళ్ళు కనబడితే ముందు ఎవరింటికని అడుగుతారు. ఇక్కడ ముందు మంచినీళ్ళు కావాలా అని అడిగారు. కోళ్ళ మాణిక్యం ఇల్లెక్కడంటే, ఒకావిడ వేలు చూపించి, తిన్నగా పో, రోడ్డు నీకే తెలుస్తుంది అంది.

నాకు తెలిసిన వీధులన్నీ కలిపినా

తెలిసింది. అంత రోడ్డు నేనెప్పుడూ చూడలేదు. సిమెంటు రోడ్డు, బండి లేదు, మనిషి లేదు, మలుపు లేదు, ఒక చివర నుంచి ఇంకో చివర కనబడదు. పక్కన గుండ్రటి రేకుల షెడ్లు, తుప్పు పట్టిన పెట్రోలు పీపాలు, ముళ్ళ తీగలు. అంచుల్లో ఎవరో గుమ్మడి పాదులు పెట్టారు, తీగలు రోడ్డు మీదికి పాకాయి.

పాదులు పెట్టిన మనిషే ఎదురొచ్చాడు. వీరయ్యగారని అక్కడి రైతు. ఆ రోడ్డు కింద పోయింది ఆయన పొలమేనట. సర్కారు తిరిగిస్తుందేమోనని రోజూ వచ్చి, ఎక్కడ చారెడు మట్టి కనబడితే అక్కడ ఏదో ఒకటి నాటుతాడు. నేనెవరో చెప్పి, మా చెల్లెలి వల్ల మీకేమీ ఇబ్బంది లేదు కదా అని అడిగాను. దాన్ని తీసుకెళ్ళడానికి ఒక సాకు కావాలి నాకు.

"నా చేను మీద విమానాలే తిరిగాయమ్మా. కోళ్ళు తిరిగితే నాకేం నొప్పి?" అన్నాడు.

మాణిక్యం షెడ్డు ముందు కూర్చుని బోర్లించిన కుండలు తిరగేస్తోంది. నన్ను చూసి లేచింది, చేతులు కొంగుకి తుడుచుకుంది, కావలించుకోవాలా వద్దా అని ఆగింది. నేను కుండల్లోకి చూశాను. లోపల చెదలు, తెల్లగా కుప్పలు కుప్పలుగా. తడిపిన పేడ, గడ్డి పెట్టి పెంచుతోందట, కోడిపిల్లలకి బలమట. మా ఇళ్ళల్లో గోడకి ఒక్క చెద గీత కనబడితే నూలు పోయిందని లబోదిబోమంటాం. నేతపనివాళ్ళ ఆడపిల్ల చెదల్ని కుండల్లో పెట్టి సాకుతోంది. ముందు దానికే తిట్టాను, కోళ్ళ సంగతి తర్వాత.

తిట్లన్నీ వింది. జొన్నన్నం, గోంగూర పచ్చడి పెట్టింది. షెడ్డు లోపల తెల్లటి పెట్టలు తుపాకీ గుళ్ళొచ్చిన చెక్క పెట్టెల్లో గడ్డి వేసుకుని దర్జాగా కూర్చున్నాయి. గుడ్లు బెజవాడ హోటళ్ళకి పోతాయట. నువ్వు తిన్నావా అని అడిగాను. తిన్నాను, జ్వరమొచ్చి లేవలేకపోతే వీరయ్యగారి భార్య అచ్చమ్మగారు ఉడకబెట్టి పెట్టింది, తిని లేచాను అంది. నాకూ పెట్టనా అంది. వద్దన్నాను. నాకు తినాలనిపించలేదు, అంతే.

అప్పుడు అసలు సంగతి చెప్పాను. పౌర్ణమి, వెలి, అన్నయ్య మగ్గం, కోటయ్యగారి గ్లాసు. మాణిక్యం కోళ్ళకి నీళ్ళు పోసి, ముంత కింద పెట్టింది.

"ఆయన పోయాక పెడన నుంచి ఒక్కరొచ్చారా అక్కా? నేను తిన్నానా, పస్తున్నానా అని నాగలింగంగారు అడిగారా? ఇప్పుడు నా పొట్ట నేను నింపుకుంటుంటే ఆయనకి మైల పట్టింది. నేను రాను. అన్నయ్యకి నా వల్ల నష్టం వస్తే నా కడుపు తరుక్కుపోతుంది, అయినా రాను."

రెక్క పట్టుకుని ఈడుస్తాననుకున్నదాన్ని, మూట పక్కన పెట్టి కూర్చున్నాను. అది చెప్పినదాంట్లో నేనూ ఉన్నాను. నేను కూడా రాలేదు కదా అప్పుడు.

సాయంత్రం అది నా మూట విప్పింది. పడుగుని ఒళ్ళో పెట్టుకుని నిమిరింది. తర్వాత తలెత్తి ఆ రోడ్డు వైపు చూసింది, నేనూ చూశాను. ఇంత చదునైన వీధి పెడనలో ఎక్కడుంది అని ఇద్దరికీ ఒకేసారి తోచింది.

గంజి

తెల్లారగట్లే లేచాం. సిమెంట్లో గుంజలు దిగవు కాబట్టి, రెండు చివర్లా పీపాల్లో రాళ్ళు నింపి వాటికి కట్టాం. మధ్య మధ్య వెదురుకర్రలు ఊతం. బియ్యం రేషను, గంజికి ఎక్కడివి? కోళ్ళకని దాచిన నూకలే కాచింది మాణిక్యం. చేతులకి వీరయ్యగారు వచ్చారు, అచ్చమ్మగారు వచ్చింది, మైదానానికి కాపలా ఉన్న వాచ్‌మన్ మస్తాను వచ్చాడు. ముగ్గురూ జన్మలో పడుగు పట్టినవాళ్ళు కాదు. ఇలా పట్టుకో, అలా లాగకు అని నేను అరుస్తుంటే, మిలిటరీ వాళ్ళే నయం, టీ ఇచ్చి అరిచేవాళ్ళు అన్నాడు మస్తాను.

గంజి పట్టింది. కుంచె నడిచింది. చల్లటి గాలి, ఎత్తుపల్లాల్లేని నేల. ఏ గోడా, ఏ బండీ అడ్డం లేదు. పోగు పోగూ విడివిడిగా, తిన్నగా నిలబడుతుంటే నాకు పాట వచ్చేస్తోంది. షెడ్డులో కోళ్ళు మాత్రం తెల్లారిందని గోల గోలగా అరుస్తున్నాయి. మాణిక్యం అవతలి చివర ఉంది. నా చెవులు పగిలిపోతున్నాయి, ఆ తలుపు తియ్యండమ్మా అని అచ్చమ్మగారికి చెప్పింది నేనే.

పెడనలో మా వీధిలో కోడి తిరగదు. పడుగు సాచినప్పుడు ఆవుని చూసుకోవాలి, పిల్లల్ని చూసుకోవాలి, వాన మబ్బుని చూసుకోవాలి. కోడి మాట మా తాతల నాటి నుంచి ఎవరికీ రాలేదు, నాకెలా తోస్తుంది? ఆ గంజి వాటి నూకలదే. వాసన పసిగట్టి షెడ్డంతా ఒక్కసారి పడుగు మీద పడింది. ముక్కులతో పొడుస్తున్నాయి, కాళ్ళతో లాగుతున్నాయి, అదిలిస్తే ఎగిరి మళ్ళీ మధ్యలోనే దిగుతున్నాయి. మాణిక్యం కుంచె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. తరిమి లోపల వేసేసరికి పడుగు నడుమ అంతా తెగిన పోగులు వేలాడుతున్నాయి.

నేను ఆ సిమెంటు మీద కూలబడి ఏడ్చాను. అన్నయ్యకి ఇక నూలు లేదు. నోటికొచ్చిందంతా మాణిక్యాన్ని అన్నాను, నువ్వూ నీ కోళ్ళూ కలిసి పుట్టింటికి నిప్పు పెట్టారన్నాను. అది పడుగు పక్కన కూర్చుంది. తెగిన రెండు కొసలు తీసుకుని, కాస్త బూడిద అద్ది, పురిపెట్టి అతికింది. తర్వాత ఇంకొకటి. పెళ్ళి కాకముందు మా ఇంట్లో అతుకులన్నీ దానివే, ఎవరి చేతికీ అంత సన్నగా వచ్చేవి కావు. చూసి చూసి, కళ్ళు తుడుచుకుని నేనూ అవతలి వైపు కూర్చున్నాను.

మిగతా ముగ్గురూ వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు. అచ్చమ్మగారు తలుపు తీసింది తనే కనుక మొహం చిన్నబుచ్చుకుని, నాకూ నేర్పమంది. మస్తాను బీడీలు చుట్టిన చెయ్యి, ఇట్టే పట్టేశాడు. వీరయ్యగారి వేళ్ళకి పోగు చిక్కనే లేదు. ఆయన సోల్జర్ల టార్పాలిన్ తెచ్చి, ఎండ మా మీద పడకుండా కర్రలకి కట్టి, సూర్యుడు జరిగినప్పుడల్లా దాన్ని జరుపుతూ ఉన్నాడు. మధ్యాహ్నం అందరం ఆ నీడలోనే కూర్చుని జొన్నన్నం తిన్నాం. రైల్లో ఆవిడిచ్చిన పచ్చడి ఆకు విప్పి పెడితే మస్తాను మూడుసార్లు వేసుకున్నాడు.

పొద్దుగూకేసరికి ఆఖరి పోగు అతికాం. మర్నాడు పొద్దున్నే, షెడ్డు తలుపుకి పీపా అడ్డం పెట్టి, మళ్ళీ గంజి పట్టించి, దువ్వి, ఆరబెట్టి కర్రకి చుట్టాం. బస్సు దగ్గర మాణిక్యం, అన్నయ్య కోప్పడితే తప్పంతా నా మీద వెయ్యమంది. రమ్మని నేను మళ్ళీ అడగలేదు.

పెడన

స్టేషన్లో దిగి సందుల్లోంచి ఇంటికి పోవచ్చు. నేను పోలేదు. పడుగు కర్ర భుజాన పెట్టుకుని, మిట్ట మధ్యాహ్నం, అందరూ చూసేలా వీధి మధ్యలో నడిచాను. నాగలింగంగారు అరుగు మీదే ఉన్నారు. చెల్లెలేదని అడిగారు. రానందండీ అన్నాను. ఆయన చూపు కర్ర మీద పడింది. దీనికి గంజి పెట్టిందెవరని అడిగారు.

"నేనూ, మా మాణిక్యమూ, వీరయ్యగారూ, అచ్చమ్మగారూ, వాచ్‌మన్ మస్తానూనండీ. మీరు వీధిలో చేతులు ఆపించారు కదా, అక్కడ దొరికాయి."

ఆయన ఇంకేదో అన్నారు. ఇవాళ్టి నుంచే వెలి అన్నారు, మా ఆయన పేరు కూడా ఎత్తారు. వింటూ నిలబడడం నా వల్ల కాక నడిచాను. తలుపుల వెనక నుంచి వీధి వీధంతా చూస్తోంది.

అన్నయ్య గుమ్మంలోనే నిలబడి ఇదంతా విన్నాడు. నా వెనక ఎవరూ లేకపోవడం చూశాడు. కర్ర అందుకుని లోపలికెళ్ళి, పడుగు బారెడు విప్పి వేళ్ళు పోనిచ్చాడు. ఇన్ని అతుకులేమిటన్నాడు. కోళ్ళు పొడిచాయన్నాను. తలుపు తీయించింది నేనేనని చెప్పాను. ఇంకాస్త విప్పాడు. ఒక అతుకు దగ్గర వేలు ఆగింది, గోటితో గీరాడు, ఊడలేదు.

"ఇది మాణిక్యందే," అన్నాడు.

ఆ పక్కవి ఎవరివని అడిగితే మస్తానువన్నాను. వాటినీ గీరి చూశాడు. వదిన భయంతో వీధి తలుపు వెయ్యబోతే వద్దని చేత్తో సైగ చేశాడు. తలుపు బార్లా తీసి ఉండగానే పడుగు మగ్గానికి ఎక్కించి, దాని కింది గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడు. కాసేపటికి మగ్గం మొదలైంది, నాగలింగంగారి అరుగు దాకా వినబడేలా. నేను ఇంటికి పోదామని లేస్తే, ఆడుతున్న చెయ్యి ఆపకుండా, నా వైపు చూడకుండా అన్నాడు:

"వచ్చే పడుగుకి నేనే తీసుకెళ్తాను. గంజి ఆరేదాకా కోళ్ళని గంపల కింద కమ్మి ఉంచమని కబురు పెట్టు దానికి."